వెనక బెంచీ మీద కూర్చున్న మేడమ్

పదహారేళ్ళుగా సైన్సు బోధిస్తున్న ఒక ఉపాధ్యాయిని రాసిన సుదీర్ఘమైన ఉత్తరం ఇది. పేరూ, పాఠశాల వివరాలూ బయటపెట్టవద్దన్నారు కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఈ విద్యా సంవత్సరం మొదట్లో ప్రధానోపాధ్యాయులు ఆమె పీరియడ్లను సగానికి తగ్గించి, వారానికి మిగిలిన 14 పీరియడ్లలో తోటి ఉపాధ్యాయులు తొమ్మిది మందికి కోచ్‌గా, అంటే వాళ్ళ తరగతులు చూసి బోధన మెరుగుపరచుకోవడానికి తోడ్పడే మనిషిగా ఉండమన్నారు. మూడు రోజుల శిక్షణ ఇప్పించి, 32 అంశాలున్న పరిశీలన ఫారం చేతికిచ్చారు. తరగతిలో వెనక కూర్చుని, ఒక్కో అంశానికి ఒకటి నుంచి నాలుగు వరకు మార్కులు వేసి, నిండిన ఫారాలను ప్రతి నెలా 28వ తేదీలోగా ఆయనకు అప్పగించాలి. వచ్చే ఏడాది ఎవరికి ఏ తరగతులు ఇవ్వాలో ఈ ఫారాలు చూసే నిర్ణయిస్తానని స్టాఫ్ మీటింగులో అందరి ముందూ చెప్పారట.

ఆ తొమ్మిది మందిలో లెక్కల మాస్టారు ఒకరు. 24 ఏళ్ళ అనుభవం ఉన్న మనిషి. ఈమె ఉద్యోగంలో చేరిన కొత్తలో తరగతిని ఎలా నిలుపుకోవాలో నేర్పింది ఆయనే. మొన్న గురువారం ఏడో తరగతిలో ఆయన భిన్నాల సంకలనం చెబుతుండగా ఈమె వెనక బెంచీ మీద కూర్చున్నారు. నలభై నిమిషాల్లో ఆయన 27 ప్రశ్నలు అడిగారు. వాటిలో పందొమ్మిదింటికి ఆయనే జవాబు చెప్పేశారు. మిగిలిన ఎనిమిదింటికి ముందు వరసలో ఎప్పుడూ చెప్పే ఆ నలుగురే చెప్పారు. ఈ లెక్కను ఫారం అంచున పెన్సిలుతో గీతలు పెట్టుకున్నానని రాశారు. పాఠం అయ్యాక స్టాఫ్ రూములో జరిగింది ఆమె మాటల్లోనే చదవండి: "పాఠం ఎలా జరిగిందనుకుంటున్నారు అని అడిగాను. ఆయన ఏమీ మాట్లాడకపోయేసరికి, నేను గమనించిన ఆరు విషయాలు మెల్లగా, గౌరవంగానే చెప్పాను. పిల్లలకు అవకాశం ఇవ్వడం లేదన్నది అందులో ఐదోది. అన్నీ విని, 'సరే మేడమ్, మీరు చెప్పినట్టే చేద్దాం' అని లేచి వెళ్ళిపోయారు. ఇన్నేళ్ళూ నన్ను 'అమ్మా' అనే పిలిచేవారు."

రెండో వ్యక్తి సాంఘిక శాస్త్రం చెప్పే కొత్త ఉపాధ్యాయిని. చేరి ఏడాదైంది. చెప్పినవన్నీ నోట్సు రాసుకుంటుంది, దేనికీ కాదనదు. ఈమె వచ్చి కూర్చున్న రోజు పిల్లలను జట్లుగా కూర్చోబెట్టి చక్కగా చర్చ చేయిస్తుంది. రెండు రోజుల తరవాత అనుకోకుండా వరండాలో వెళుతూ చూస్తే, పిల్లలు తల వంచుకుని బోర్డు మీది జవాబులు నోటు పుస్తకాల్లోకి ఎక్కించుకుంటున్నారు.

ఆమె అడిగినవి మూడు. లెక్కల మాస్టారిని మార్చేదెలా? ఫారాలు ఇవ్వాలా, వద్దా? ఇదంతా వదిలేసి నా తరగతులు నేను చెప్పుకోవడం మంచిదా?

సమాధానం

మీ మొదటి ప్రశ్నకు జవాబు రెండో ప్రశ్నలో చిక్కుకుని ఉంది. ఆ చిక్కు తీయకుండా లెక్కల మాస్టారి గురించి నేను ఏ ఉపాయం చెప్పినా అది మీ చేతిలో పనిచేయదు. అయినా ముందు గురువారం సంగతే మాట్లాడుకుందాం, ఎందుకంటే ఆ రోజు మీరు చాలా మంచి పని ఒకటి, దాన్ని వృథా చేసే పని ఇంకొకటి చేశారు.

మంచి పని ఆ పెన్సిలు గీతలు. మీ ఫారంలోని 32 అంశాల్లో 'విద్యార్థుల భాగస్వామ్యం' అనే దానికి రెండు మార్కులు వేశానని రాశారు. ఆ రెండు అంకెను చూసి ఏ ఉపాధ్యాయుడైనా తెలుసుకోగలిగింది ఏముంది? మూడు ఎందుకు కాలేదని వాదించవచ్చు, లేదా మనసు కష్టపెట్టుకోవచ్చు. 27 ప్రశ్నలు, 19 సొంత జవాబులు, నలుగురు పిల్లలు అన్న లెక్క అలాంటిది కాదు. అది మీ అభిప్రాయం కాదు, ఆ గదిలో జరిగినది. దాన్ని ఒప్పుకోవడానికి ఆయన మీకంటే తక్కువవాడు కానక్కరలేదు, చెప్పడానికి మీరు ఆయనకంటే ఎక్కువవారు కానక్కరలేదు. ఫారం అడగని పనిని మీలోని సైన్సు టీచరు తనంతట తాను చేసింది. దాన్ని తీసుకెళ్ళి ఆరు విషయాల్లో ఐదోదిగా, 'అవకాశం ఇవ్వడం లేదు' అనే తీర్పుగా మార్చి చెప్పారు.

ఇక రెండోది. మీరు రాసిన వాక్యాన్నే మళ్ళీ చూడండి: "ఆయన ఏమీ మాట్లాడకపోయేసరికి." ఎంతసేపు మాట్లాడలేదు? మీరు రాయలేదు, బహుశా మీకూ గుర్తుండదు. 1970ల్లో మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు ఎన్నో సైన్సు తరగతుల ధ్వని ముద్రణలు విని, ప్రశ్న అడిగిన తరవాత ఉపాధ్యాయులు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని లెక్కకట్టారు. ఆ ఒక్క సెకనును మూడు సెకన్లకు పెంచితే చాలు, పిల్లల జవాబులు పొడవయ్యాయి, మౌనంగా ఉండిపోయేవాళ్ళు తగ్గారు, ఎప్పుడూ నోరు విప్పనివాళ్ళు కూడా మాట్లాడారు. లెక్కల మాస్టారి తరగతిలో మీరు పట్టుకున్న లోపం సరిగ్గా ఇదే. స్టాఫ్ రూములో ఆయన పట్ల మీరు చేసింది కూడా ఇదే. ప్రశ్న అడిగారు, ఆయన ఆలోచనలో పడ్డారు, ఆ నిశ్శబ్దం మీకు ఇబ్బందిగా తోచింది, ఆరు జవాబులు మీరే చెప్పేశారు. మిమ్మల్ని తప్పు పట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. మనిషి ఎదురుగా మౌనంగా కూర్చుంటే దాన్ని భరించడం ఎంత కష్టమో మీకు ఇప్పుడు స్వయంగా తెలిసింది. కాబట్టి ఆయన పిల్లల ముందు ఎందుకు ఆగలేకపోతున్నారో ఆ పాఠశాలలో అందరికంటే బాగా అర్థం చేసుకోగలిగిన వ్యక్తి మీరే.

తరగతి పరిశీలనకు ఒక క్రమం ఉండాలని 1960ల్లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మోరిస్ కోగన్, రాబర్ట్ గోల్డ్‌హామర్ మొదలైనవారు పట్టుబట్టారు. గోల్డ్‌హామర్ చెప్పిన క్రమంలో ఐదు మెట్లుంటాయి: ముందు ఉపాధ్యాయుడితో మాట్లాడి ఏం చూడాలో ఇద్దరూ తేల్చుకోవడం, తరగతిని చూడడం, చూసినదాన్ని విడిగా కూర్చుని విశ్లేషించడం, ఆయనతో చర్చించడం, చివరగా పరిశీలకుడు తన సొంత ప్రవర్తనను తానే పరీక్షించుకోవడం. మీ మూడు రోజుల శిక్షణలో రెండోదీ నాలుగోదీ నేర్పినట్టు కనిపిస్తోంది. మొదటి మెట్టు లేకపోవడం వల్లే, తన తరగతిలో మీరు దేనికోసం వెతుకుతున్నారో మాస్టారికి తెలియలేదు. ఐదోది ఈ ఉత్తరం ద్వారా మీరు ఇప్పుడు చేస్తున్నారనుకోండి.

ఇక ఫారాల సంగతి. మీరు దీన్ని విధేయతకు సంబంధించిన ప్రశ్నగా అడిగారు: పై అధికారి అడిగింది ఇవ్వకుండా ఎలా ఉండడం అని. నాకు అది వేరేగా కనిపిస్తోంది. మీ నోటు పుస్తకాన్ని ఎవరు చదువుతారు అన్నదాన్ని బట్టి ఆ తొమ్మిది మందికి మీరెవరో తేలిపోతుంది. ప్రధానోపాధ్యాయులు చదివేదైతే మీరు తనిఖీ అధికారి. ఆ ఉపాధ్యాయుడు ఒక్కడే చదివేదైతే మీరు కోచ్. రెండూ అవసరమైన పనులే, తనిఖీ చెడ్డదని నేను అనను. కానీ ఒకే మనిషి ఒకే పుస్తకంతో ఒకే గంటలో రెండూ చేయలేరు. తనిఖీకి వచ్చినవారికి మనం మన ఉత్తమ పాఠం చూపిస్తాం, చూపించాలి కూడా. కోచ్‌కు చూపించవలసింది మనకు చేతకాని పాఠం. మీ కొత్త ఉపాధ్యాయిని మిమ్మల్ని మోసం చేయడం లేదు. మీ చేతిలోని ఫారం ఏమిటో మీకంటే స్పష్టంగా గ్రహించి, దానికి తగినట్టు నడుచుకుంటోంది.

మార్కులు, సలహాలు కలిపి ఇస్తే సలహా నిలవదన్నది పిల్లల విషయంలో తేలిన సంగతే. రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు 1988లో ప్రచురించిన అధ్యయనంలో కొందరు పిల్లలకు వ్యాఖ్యలు మాత్రమే ఇచ్చారు, కొందరికి గ్రేడులు మాత్రమే, ఇంకొందరికి రెండూ కలిపి ఇచ్చారు. వ్యాఖ్యలు మాత్రమే అందినవారు మెరుగుపడ్డారు. రెండూ అందినవారికి గ్రేడు మాత్రమే అందినవారికంటే ఒరిగిందేమీ లేదు. అంకె కనబడగానే కన్ను అక్కడే ఆగిపోతుంది. పెద్దవాళ్ళం మనం వేరుగా ఉంటామనుకోవడానికి నాకు కారణమేమీ కనిపించడం లేదు. పనితీరు గురించి మనుషులకు చెప్పే మాటలపై జరిగిన అధ్యయనాలను క్లూగర్, డెనిసి అనే ఇద్దరు పరిశోధకులు 1996లో ఒకచోట చేర్చి లెక్క చూశారు. సగటున మేలే జరిగినా, మూడింట ఒక వంతుకు పైగా సందర్భాల్లో ఆ మాటల తరవాత పనితీరు తగ్గింది. మాట పని మీది నుంచి జారి మనిషి మీదికి మళ్ళినకొద్దీ ఫలితం బలహీనపడిందని వాళ్ళు చూపారు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం. ఫారాలు ఇప్పటిలాగే నింపి ఇస్తూ పోవచ్చు. ప్రధానోపాధ్యాయులతో గొడవ ఉండదు, మీ స్థానం భద్రంగా ఉంటుంది. ఏడాది చివరికి మీ దగ్గర తొమ్మిది మంది తాలూకు బోలెడన్ని చక్కటి ప్రదర్శన పాఠాల రికార్డు ఉంటుంది, వరండాలో మాత్రం పిల్లలు బోర్డు చూసి రాసుకుంటూనే ఉంటారు. లేదా ఫారాలు ఇవ్వనని ఖండితంగా చెప్పవచ్చు. ఉపాధ్యాయుల్లో మీకు మంచి పేరు వస్తుంది. కానీ ప్రధానోపాధ్యాయులకు తరగతుల్లో ఏం జరుగుతోందో తెలుసుకోవలసిన బాధ్యత నిజంగానే ఉంది; ఆ తలుపు మూసేస్తే ఆయన ఇంకో తలుపు వెతుక్కుంటారు, మీ 14 పీరియడ్లు వచ్చే నెలకే వెనక్కి పోవచ్చు. మూడో దారి కొందరు తొక్కుతారు, మీకూ ఆ ఆలోచన వచ్చే ఉంటుంది: అందరికీ మూడు మార్కులు వేసి ఇచ్చేయడం. దయచేసి ఆ పని చేయకండి. అబద్ధం బయటపడిన రోజున ఇరుపక్కలా మీ మాటకు విలువ ఉండదు.

నేను మొగ్గు చూపేది బేరం వైపు. ప్రధానోపాధ్యాయులకు ఇవ్వగలిగినవి చాలా ఉన్నాయి: నెలలో ఎవరి తరగతికి ఎన్నిసార్లు వెళ్ళారు, మొత్తం మీద పాఠశాలలో ఏ ఇబ్బంది ఎక్కువగా కనిపిస్తోంది, దానికి ఏ సామగ్రి, ఎంత సమయం కావాలి. ఇవి పేర్లు లేకుండా ఒక పేజీలో రాసి ఇవ్వండి. ఎవరి పాఠం ఎలా ఉందో తెలుసుకోవాలనుకుంటే ఆయన గానీ, ఆయన నియమించే మరొకరు గానీ వెళ్ళి చూడాలి. ఆ 32 అంశాల ఫారం వాళ్ళ చేతిలో ఉండడం తప్పేమీ కాదు. ఆయనకు సిద్ధాంతం చెబితే వినకపోవచ్చు. వరండాలో మీరు చూసినదాన్ని, ఎవరి తరగతో చెప్పకుండా, ఆయన ముందు పెట్టండి. "సార్, నేను కూర్చున్న రోజు ఒక పాఠం, లేని రోజు ఇంకో పాఠం నడుస్తోంది. ఫారంలో నేను రాసి ఇచ్చేది మొదటిదాన్నే" అనండి. తనకు అందుతున్న సమాచారం నిజం కాదని తెలిస్తే ఏ పాలకుడైనా ఒక్క క్షణం ఆలోచిస్తాడు. పూర్తిగా ఒప్పుకోకపోతే, ఒక్క టర్ము వరకు, నలుగురు ఉపాధ్యాయుల విషయంలో మాత్రం ఇలా చేసి చూద్దామని అడగండి.

ఈ గోప్యతకు ఒక హద్దు మాత్రం ఉండాలి. పిల్లలను కొట్టడం, అవమానించడం, వాళ్ళ భద్రతకు ముప్పు తెచ్చేది ఏదైనా మీ కంట పడితే అది మీ నోటు పుస్తకంలో దాగదు, వెంటనే పైకి వెళుతుంది. ఈ మాట తొమ్మిది మందికీ మొదటి రోజే చెప్పండి. ముందే చెప్పిన హద్దును మనుషులు గౌరవిస్తారు. తరవాత తెలిసిన హద్దును ద్రోహంగా లెక్కేస్తారు.

లెక్కల మాస్టారి దగ్గరికి వద్దాం. 'ఆయనను మార్చేదెలా' అని అడిగారు. మీ ఉత్తరంలో ఆయన గురించి ఒకటిన్నర పేజీ ఉంది, ఆ ఏడో తరగతి పిల్లల గురించి రెండు వాక్యాలున్నాయి. ఆ నిష్పత్తి తిరగబడితే ఆయనతో మాట్లాడడం తేలికవుతుంది. ఆయన మారాలా వద్దా అన్నది ఇద్దరు పెద్దల మధ్య పరువు సమస్య. మూడో వరసలో ఉన్న పిల్లకు 1/2 + 1/3 ఎందుకు అందడం లేదన్నది ఇద్దరు ఉపాధ్యాయులు కలిసి తలపట్టుకోగలిగిన సమస్య.

ఉదాహరణకు ఆ లెక్కనే తీసుకోండి. తరగతిలో కొందరైనా పైవీ కిందవీ కూడి 2/5 అని రాస్తారు. మాస్టారు "తప్పు, క.సా.గు. తియ్యి" అని ముందుకు వెళతారు, ఆయన స్థానంలో ఎవరున్నా అంతే చేస్తారు. అక్కడ ఆగి, "సగం ఉంది కదా, దానికి ఇంకొంత కలిపావు. 2/5 అంటే సగం కంటే తక్కువ. కలిపితే ఎలా తగ్గింది?" అని అడిగి చేతులు కట్టుకుని నిలబడితే ఆ పిల్ల ముఖంలో ఏం జరుగుతుందో చూడాలి. ఇలాంటి ప్రశ్న మీకంటే ఆయనకే బాగా తడుతుంది. లెక్కల్లో 24 ఏళ్ళు గడిపినవారు ఆయన, మీరు సైన్సు మనిషి. సబ్జెక్టు తెలియకపోయినా కోచింగ్ చేయవచ్చని కొందరు అంటారు గానీ నేను దాన్ని సగమే నమ్ముతాను. పిల్లలు చేసే తప్పు వెనక ఉన్న ఆలోచనను పట్టుకోవడానికి సబ్జెక్టు కావాలి. అది ఆయన దగ్గర ఉంది. పాఠం చెబుతూ చెబుతూ చూడలేని గదిని చూసే తీరిక మీ దగ్గర ఉంది. మీ ఇద్దరి మధ్య ఒప్పందం దీని మీదే కుదరాలి.

ఆయన ఒప్పుకుంటే, ఈసారి ఫారం లేకుండా ఒక తెల్ల కాగితం తీసుకువెళ్ళండి. బెంచీల వరసలు గళ్ళుగా గీసుకోండి. ప్రశ్న ఎవరికి వెళితే ఆ గడిలో చిన్న చుక్క, జవాబు వాళ్ళ నోటి నుంచి వస్తే చుక్క చుట్టూ సున్న. అంతే, ఇంకేమీ రాయకండి. గంట కొట్టాక ముందు వరసలో నాలుగు గళ్ళు నల్లగా ఉంటాయి, కిటికీ పక్క వరస మొత్తం తెల్లగా ఉంటుంది. ఆ కాగితాన్ని ఆయన చేతికిచ్చి, "ఇది మీదే మాస్టారూ, ఇంకో ప్రతి లేదు" అని చెప్పి మాట్లాడకుండా కూర్చోండి. ఆయన ఎంతసేపు చూస్తే అంతసేపు. "ఆ వరసవాళ్ళు అడిగినా చెప్పరమ్మా" అనవచ్చు. వాదించకండి, ఆయన చాలాకాలంగా చూస్తున్నదే చెబుతున్నారు. "చెప్పేలా చేయాలంటే రేపు ఏం చేసి చూడవచ్చు?" అని అడిగి, మళ్ళీ ఆగండి. ఆయన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని ఏమీ అనకుండా వెళ్ళిపోవచ్చు కూడా. అప్పుడు వెంటపడవద్దు. అలాంటి కాగితాన్ని చించి పారేయడం అంత తేలిక కాదు.

దీనికంటే ముందు చేయదగినది ఒకటుంది, మీకు కాస్త కష్టంగా ఉంటుంది. మీ తరగతికి ఆయనను పిలవండి. నటనగా కాదు, మీకు నిజంగా సరిగా కుదరని పాఠానికే పిలవండి. ఏం గమనించాలో మీరే చెప్పండి: "నేను ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగుతున్నానో లెక్కపెట్టండి మాస్టారూ." పదహారేళ్ళ అనుభవంతో బాగానే ఆగుతున్నానని మీరు అనుకుంటూ ఉండవచ్చు. ఆయన తెచ్చే లెక్క చూసి మీకు ఆశ్చర్యం కలగవచ్చు. 'మేడమ్' అన్న పిలుపులో ఆయన చెప్పదలచుకున్నది, నేను అర్థం చేసుకున్నంతవరకు, ఇంతే: మనం ఒకే బల్ల దగ్గర కూర్చునేవాళ్ళం, నువ్వు లేచి అటువైపు వెళ్ళావు. తిరిగి ఇటువైపు రావడానికి మాటల కంటే ఇది దగ్గర దారి.

ఇవన్నీ చేసినా ఆయన వద్దనే అవకాశం ఉంది. అప్పుడు ఆయనను ఈ టర్ముకు వదిలిపెట్టడం కూడా ఒక మార్గమే, ఓటమి కాదు. ఇష్టంలేని మనిషితో గడిపే మూడు పీరియడ్లు ఇష్టమున్న ఇంకొకరి దగ్గర పంట పండుతాయి. నష్టం ఏమిటంటే, ఆ ఏడో తరగతి పిల్లలకు ఈ ఏడాది ఇలాగే గడిచిపోతుంది. ఆ బరువు మీ మనసు మీద ఉంటుంది.

పీరియడ్ల మాట వచ్చింది కాబట్టి చిన్న లెక్క. ఒక ఉపాధ్యాయుడితో ముందు మాటకు, తరగతికి, తరవాత మాటకు కలిపి మూడు పీరియడ్లు పడతాయి. తొమ్మిది మందికి వారానికి 27. మీకున్నవి 14. అందుకే మీరు ముందు మాట్లాడుకునే మెట్టును మింగేసి తరగతులు చూసుకుంటూ తిరుగుతున్నారు. నలుగురిని తీసుకుంటే 12 అవుతాయి, రెండు మిగులుతాయి. ఎనిమిది వారాలు ఆ నలుగురితో ఉండి, ఆ తరవాత ఇంకొందరి దగ్గరికి వెళ్ళండి. 2018లో మాథ్యూ క్రాఫ్ట్, మరో ఇద్దరు పరిశోధకులు ఈ తరహా కోచింగ్‌పై పకడ్బందీగా జరిగిన 60 అధ్యయనాలను కలిపి చూశారు. బోధన తీరులో దాదాపు సగం ప్రామాణిక విచలనం (ఉపాధ్యాయుల మధ్య మామూలుగా ఉండే తేడాను కొలిచే ప్రమాణం) మేర మెరుగుదల కనిపించింది, విద్యా రంగంలో అది చాలా ఎక్కువ. పిల్లల మార్కుల్లో మార్పు దానికంటే బాగా తక్కువ, అయినా లెక్కలోకి తీసుకోదగినదే. ఎక్కువ మంది ఉపాధ్యాయులకు విస్తరించిన కార్యక్రమాల్లో ఈ ఫలితం బాగా తగ్గింది. నలుగురికి తగ్గించండని ప్రధానోపాధ్యాయులను అడిగేటప్పుడు ఈ సంగతి మీకు పనికివస్తుంది.

కొత్త ఉపాధ్యాయిని ఆ నలుగురిలో తప్పక ఉండాలి. ఆమెకు మీరు ఇప్పటివరకు చెప్పినవన్నీ నోట్సులో ఉన్నాయి, చేతిలో లేవు. బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ అనే విద్యా పరిశోధకులు 1980ల్లో గట్టిగా చెప్పింది ఇదే: కొత్త పద్ధతిని వివరించి, చేసి చూపి, సాధన చేయించినా, తరగతిలో పక్కన నిలబడే తోడు లేకపోతే అది రోజువారీ పాఠంలోకి దిగడం అరుదు. ఒక్క విషయం ఎంచుకోండి. జట్టు చర్చకు ముందు పిల్లలకు చెప్పే ఆ నాలుగు వాక్యాలు చాలు: ఎవరితో, దేని గురించి, ఎంతసేపు, చివర్లో ఏం చూపించాలి. పిల్లలు ఇళ్ళకు వెళ్ళాక ఖాళీ గదిలో ఆమెను నిలబెట్టి ఆ వాక్యాలు పైకి అనిపించండి, మీరు వెనక బెంచీ మీద అల్లరి పిల్లవాడిలా కూర్చుని "దేని గురించి టీచర్?" అని అడ్డు తగలండి. ఇద్దరూ నవ్వుకుంటారు, ఐదోసారికి ఆమె గొంతు కుదురుతుంది. మర్నాడు మొదటి పది నిమిషాలు మీరే తీసుకుని, తడబడితే తడబడండి, ఆమె చూడనీ. వరండాలో మీరు చూసిన సంగతి ఆమెను నిలదీయడానికి వాడకండి. "నేను లేని రోజు ఏది చేయడం కష్టంగా ఉంటోంది?" అని అడిగితే ఆమే చెబుతుంది. అయితే ఫారం పోయాకే చెబుతుంది.

వదిలేసి వెళ్ళిపోవడమన్న మూడో ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. మీ తరగతికి మీరు పూర్తిగా తిరిగి వెళితే ఆ పిల్లలకు మేలు, మీకు నెమ్మది, మాస్టారు బహుశా మళ్ళీ 'అమ్మా' అంటారు. మీ స్థానంలోకి ఇంకొకరు వస్తారు, ఆ ఫారంతోనే వస్తారు. ఒకవేళ ప్రధానోపాధ్యాయులు ఏ బేరానికీ ఒప్పుకోకపోతే మీరు తప్పుకోవడమే నిజాయితీ అని నా అభిప్రాయం, ఎందుకంటే కోచ్ అనే పేరుతో తనిఖీ చేస్తే రేపు నిజంగా కోచింగ్ చేయడానికి వచ్చేవారికి కూడా ఎవరూ తలుపు తీయరు. అడిగి చూడకుండానే తప్పుకోవడం మాత్రం తొందరపాటు. ఉంటే, మీ సొంత పీరియడ్లలో ఒక్కటి కూడా వదులుకోకండి. తనకంటూ తరగతి లేని కోచ్ మాట రెండేళ్ళలో స్టాఫ్ రూములో చెల్లకుండా పోతుంది.

ఏది ముందు, ఏది తరవాత అన్నది మీ విషయంలో ముఖ్యం. ఫారాలు ఇవ్వవలసిన తేదీ 28 అన్నారు. మీ ఉత్తరం మీద 12వ తేదీ ఉంది. ఆ మధ్యలోనే ప్రధానోపాధ్యాయులతో మాట్లాడండి, ఒంటరిగా, స్టాఫ్ మీటింగులో కాదు. ఆ మాట తేలాకే లెక్కల మాస్టారిని మీ తరగతికి పిలవండి. ముందే వెళితే, "ఇది మీదే, ఇంకో ప్రతి లేదు" అని ఆయనతో అనగలిగే స్థితిలో మీరు ఉండరు.